ఆయ్ అంటే అవునని కాదు

పొట్ట కోసి కుట్టిన నాలుగో రోజునే జోజి కోడిపలావు తిన్నాడు. ఒట్టి పలావు కాదు, తొడ ముక్కలు రెండు, పైన ఉడకబెట్టిన గుడ్డు. తిని మూతి తుడుచుకుంటుంటే డాక్టరు వచ్చి, "నా సర్వీసులో ఇలాంటి పొట్ట చూడలేదయ్యా" అని చెయ్యి కలిపాడు. నర్సమ్మలు గుమ్మం దగ్గర ఒకరి మీద ఒకరు పడి తొంగి చూశారు. వార్డులో మిగతా రోగులు ఆ వాసనకే సగం నయమై, మూటలు సర్దుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు.

కాకినాడ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున జోజి ఈ సంగతంతా మంచం మీద పడుకుని ముసలయ్యకి చెప్పాడు. ముసలయ్య పక్కింటాయన, వరసకి బాబాయి. చూడ్డానికి వస్తూ తెచ్చిన చక్కెరకేళీ అరటిపళ్ళు ఒళ్ళో పెట్టుకుని, అవి ఇవ్వడం కూడా మర్చిపోయి విన్నాడు.

"రెండు తొడలూ నువ్వే తినేసేవా?"

"మూడోది డాక్టరుగారికి ఇచ్చేను బాబాయ్. పాపం, మొహమాటపడిపోయేరు."

కోడికి ఎన్ని కాళ్ళుంటాయో ముసలయ్యకి గుర్తొచ్చేలోపల జోజి కథ ఆసుపత్రి వదిలి, లారీ ఎక్కి నాగపూరు దాటిపోయింది.

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ సత్యవతి మాత్రం నవ్వలేదు. ఆ నాలుగో రోజున మొగుడి పక్కన ఉన్నది ఆవిడే. ఆ రోజు జోజి ముక్కులో గొట్టం ఉంది. ఆ గొట్టంలోంచి ఆకుపచ్చటి పసరు కింద సీసాలోకి దిగుతోంది. పొట్ట డప్పులా బిగిసిపోయింది. దాహం అని పెదాలు కదిపితే ఆవిడ తడిగుడ్డ అద్దుతూ కూర్చుంది. ఎందుకంటే గుక్కెడు నీళ్ళు కూడా లోపల నిలవలేదు. అంత ముప్పూ ఒక్క మాట వల్ల వచ్చింది.

జోజి అంబాజీపేటలో కొబ్బరికాయల లోడు ఎత్తుకుని నాగపూరు దాకా లారీ తోలే మనిషి. అతని మాట కూడా కొబ్బరికాయ లాంటిదే. లోపల నిజం ఎంత ఉన్నా చుట్టూ పీచు బోలెడంత ఉంటుంది. ఆ వేసవిలో రోడ్డు మీద అంటుకున్న టైఫాయిడు జ్వరాన్ని ఒంటివేడి అని పేరు పెట్టి, ఇంజను పక్కన కూర్చుంటే ఎవరికైనా ఉంటుందని అందరికీ నచ్చజెప్పి, రోజుల తరబడి లారీలోనే తిప్పాడు. చివరికి పేగుకి చిల్లు పడింది. పంటు మీద గోదావరి దాటించి కాకినాడ చేర్చేసరికి కళ్ళు తేలేశాడు. డాక్టరు చిల్లు పడ్డ మేర పేగు కత్తిరించి, మిగిలిన కొసలు రెండూ కలిపి కుట్టాడు.

ఆ డాక్టరుది కర్నూలు వైపు. గోదావరి జిల్లాకి కొత్త. కోసిన మర్నాడు మంచం దగ్గరికి వచ్చి, "ఏమప్పా, గాలి పోయిందా?" అని అడిగాడు.

పేగు నిద్ర లేచిందనడానికి అదే గుర్తు. కింద నుంచి గాలి పోతే నీళ్ళు ఇవ్వచ్చు, పోకపోతే చుక్క కూడా ఇవ్వకూడదు. ఈ సంగతి జోజికి తెలియదు. తెలిసిందల్లా, అంత పెద్ద డాక్టరు, పక్కన భార్య ఉండగా, ఎదురుగా నర్సమ్మ ఉండగా, గట్టిగా గాలి గురించి అడుగుతున్నాడు.

"ఆయ్" అన్నాడు జోజి.

కోనసీమలో పెద్దవాళ్ళు ఏదైనా అంటే ఆయ్ అనాలి. విన్నానండి, చెప్పండి, తమరి ముందు నేనెంతండి, ఎండ ఎక్కువగా ఉందండి, అన్నీ అందులోనే ఉంటాయి. ఇంకా చోటు మిగిలితే అవునని కూడా ఉంటుంది.

"బాగా పోయిందా?"

"ఆయ్."

"ఇంగేం మల్ల! నీళ్ళు తాపండి" అని డాక్టరు పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నుంచి లోపలికి పోయినదంతా పైకి రావడం మొదలైంది. కుట్లు తెగుతాయేమో అని డాక్టరు రెండు రోజులు కంటి మీద కునుకు లేకుండా తిరిగాడు. నాలుగో రోజున అచ్చాయమ్మ అనే నర్సమ్మ, కొత్తపేట మనిషి, ధైర్యం చేసి నోరు విప్పింది.

"సార్, ఏమనుకోకండి. మా వైపు ఆయ్ అంటే అవునని కాదండి. విన్నామనండి."

డాక్టరు చేతిలో కాగితాలు మూసి ఆవిడ వైపు తిరిగాడు. "అట్లయితే ఈ జిల్లాకి వచ్చినప్పట్నుంచి నాకు ఎవరూ జవాబే చెప్పలేదా?"

"ఆయ్" అంది అచ్చాయమ్మ.

అప్పుడాయన జోజి మంచం మీదికి వంగి, వేలు చూపించి, ఒక్కొక్క మాటే చెప్పాడు. "ఇదో, చూడు. నా దగ్గర ఆయ్ గీయ్ వద్దు. అవును, కాదు, రెండే మాటలు. నీ ప్రాణం ఆ రెండిట్లో ఉంది. తెలిసిందా?"

"ఆయ్" అన్నాడు జోజి, ముక్కులో గొట్టంతోనే.

పేగు మరో రెండు రోజులకి నిద్ర లేచింది. పంపించేసే రోజున డాక్టరు జోజితో కాకుండా సత్యవతితో మాట్లాడాడు. పేగు పొట్టిదైంది, కుట్టిన చోట ఇంకా పచ్చిగా ఉంది, ఒక్కసారిగా గిన్నెడు పెడితే మోయలేదు. కొంచెం కొంచెం, పూటకి రెండు మూడుసార్లు పెట్టాలి. జావ, మెత్తగా మెదిపిన అన్నం, పల్చటి మజ్జిగ, ఉడికించిన గుడ్డు, ముల్లు తీసిన చేప. కారం వద్దు, పచ్చికొబ్బరి వద్దు. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాగుతూ ఉండాలి. "విరేచనాలవుతాయి. అయినా పెట్టాల. పని ఇస్తేనే పేగు పని నేర్చుకుంటాది. ఇయ్యకపోతే మనిషి చిక్కిపోతాడు. ఈసారి ఇట్లా వస్తే, కోసినా తట్టుకునేదానికి ఒంట్లో ఏమీ ఉండదమ్మా."

సత్యవతి ఆయ్ అనలేదు. "తెలిసిందండి" అంది.

ఆవిడకప్పుడు అయిదో నెల.

ఇంటికొచ్చాక నూకల జావతో మొదలుపెట్టారు. జావ ఎంత పల్చగా ఉండేదంటే, జోజి అందులో ముఖం చూసుకుని గడ్డం గీసుకున్నాడని ఊళ్ళో చెప్పుకున్నారు. చెప్పింది జోజే. ఇంట్లో అందరూ చేత్తో తినేవాళ్ళే, జావ కోసం అతనికి మాత్రం ఒక స్టీలు చెంచా కొన్నారు. తల్లి మరియమ్మ కొరమేను ముల్లు తీసేటప్పుడు కళ్ళజోడు పెట్టుకుని, మళ్ళీ కోడలి చేత కూడా ముల్లు వెతికించి, అప్పుడు పెట్టేది. రోజులో నాలుగైదుసార్లు కాలవ గట్టుకి పరుగు ఉండేది, కానీ ముఖంలోకి రక్తం వస్తోంది. గోడ పట్టుకోకుండా నడుస్తున్నాడు.

అప్పుడు సాక్ష్యం వచ్చింది.

రోగం నుంచి లేచిన మనిషి ఆదివారం చర్చిలో నిలబడి, దేవుడు తనకి చేసిన మేలు పదిమందికీ చెప్పాలి. జోజిలాంటి మాటకారి లేస్తే వినడానికి, ఎప్పుడూ చర్చికి రానివాళ్ళు కూడా వచ్చి కిటికీల్లో కూర్చున్నారు. పాస్టరుగారు ముందే చెవిలో చెప్పారు. "నాయనా, ఉన్నది ఉన్నట్టు చెప్పు. దేవుడికి మన సాయం అక్కర్లేదు." జోజి లేచాడు. పంటు మీద గోదావరి దాటడం దగ్గర మొదలుపెట్టాడు. గోదావరి సగంలో ఉండగా పొట్టలో మెలి తిరిగింది.

ఆ మెలిక జోజికి తెలుసు. అది వచ్చాక మనిషి చేతిలో ఉండేది కొద్ది క్షణాలే. "మిగతా సాక్ష్యం..." అన్నాడు, గొంతు పూడుకుపోయింది. చేత్తో నోరు మూసుకుని, చాప మీద కూర్చున్నవాళ్ళ మధ్య నుంచి గబగబా నడిచి బయటికి వెళ్ళాడు. ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. ఎంత కదిలిపోయేడో చూడండి అన్నారు.

జోజి చర్చి వెనక గోడ దాకా వెళ్ళలేకపోయాడు.

వెనకాలే సత్యవతి వచ్చింది. తన భుజం మీది తువ్వాలు అతని నడుముకి చుట్టి, పొలాల వెంట ఇంటికి తీసుకొచ్చింది. ఆ మధ్యాహ్నం కాలవ రేవులో కూర్చుని పంచె ఉతికింది. కడుపుతో ఉంది కదా, వంగలేక ఒక పక్కకి కాలు చాపుకుని ఉతుకుతుంటే, జోజి కిటికీలోంచి చూశాడు. చూసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తింటేనే కదా వచ్చేది, అనుకున్నాడు. తినకపోతే ఏం వస్తుంది?

ఆ రోజు నుంచి జోజి తినడం మానేశాడు. మానేశాడని ఎవరికీ తెలియకుండా మానేశాడు.

అతని మంచం పక్కనే కిటికీ. కిటికీ కింద పిల్లకాలవ. కాలవలో ముసలయ్య పెళ్ళాం సూరమ్మ బాతులు. సత్యవతి జావ పెట్టి వంటింట్లోకి వెళ్ళగానే జోజి చెంచాతో గిన్నెని టకటకా కొట్టేవాడు. తింటున్నాడని వంటింట్లోకి వినబడాలి కదా. రెండు చెంచాలు పెదాలకి తగిలించేవాడు, మిగతాది కిటికీలోంచి వంచేసేవాడు. కాసేపటికి సత్యవతి వచ్చి అడిగేది.

"తిన్నారా?"

"ఆయ్."

పెళ్ళానికి ఆయ్ చెప్పే మొగుడు కోనసీమ మొత్తం మీద లేడు. ఆసుపత్రి నుంచి వచ్చాక జోజి వేళాకోళానికి మొదలుపెట్టాడు. మొదట్లో సత్యవతి పైట అడ్డం పెట్టుకుని నవ్వేది. ఇప్పుడది వేళాకోళం కాదు. అబద్ధాలలో జోజి చూడని రకం లేదు, నాగపూరులో పులికి లారీలో లిఫ్టు ఇచ్చినవాడు అతను. కానీ ఆ ఒక్క మాట అబద్ధం కూడా కాదు, నిజం కూడా కాదు. మధ్యలో పడుకోవడానికి అంత మెత్తటి పరుపు ఎక్కడా దొరకదు.

బాతులు బలిశాయి. ఎంత బలిశాయంటే కాలవలో దిగినప్పుడు నీళ్ళు గట్టు మీదికి వచ్చేవి. ఇటు జోజి దవడలు లోపలికి పోయాయి. పొట్ట మీది కుట్టు తప్ప ఒంటి మీద ఎత్తయినదంటూ ఏమీ లేకుండా పోయింది. లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. కాళ్ళకి నీరు దిగింది. మరియమ్మ మంచం కాళ్ళ దగ్గర మోకరించి ప్రార్థన చేసేది. "ప్రభువా, పిల్లాడు ఇంత తింటున్నాడు, ఇదంతా ఎక్కడికి పోతోంది?" జోజి కళ్ళు మూసుకుని, ఆ ప్రశ్నకి పైనుంచి జవాబు రాకూడదని తనూ ప్రార్థన చేసేవాడు.

పొట్ట మాత్రం తినకపోయినా ఊరుకోలేదు. నీళ్ళూ జిగురూ పోతూనే ఉన్నాయి. అయినా అతనికి భయం తిండి మీదే.

ఒకరోజు ఉదయం సూరమ్మ బాతుల్ని తోలుకుపోవడానికి వచ్చి, కిటికీ దగ్గర ఆగింది.

"ఏరా జోజీ, నువ్వేంట్రా అలా అయిపోయేవు? మా బాతులు చూడు, ఎప్పుడూ లేనన్ని గుడ్లు పెడుతున్నాయి. రోజూ ఒకటి మీ ఇంటికే పంపుతున్నాను."

"తింటున్నాను పిన్నీ. నీ గుడ్లే."

సూరమ్మ ముఖం మారింది. "నువ్వు తింటున్నావా? నీ పెళ్ళానికని కదరా ఇచ్చేను! ఉత్త మనిషి కాదు, ఆ చేతులు చూసేవా, గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. నీకు పెట్టేస్తోందా ఆ పిచ్చిపిల్ల?"

జోజి దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.

"ఆయ్" అన్నాడు.

సూరమ్మ గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. కాసేపటికి సత్యవతి జావా, పక్కన ఒలిచిన గుడ్డూ తెచ్చింది. జోజి ఆవిడ చేతులు చూశాడు. గిన్నె దించుతుంటే గాజులు గలగలా మణికట్టు మీదికి వచ్చి పడ్డాయి. ఆవిడ వెళ్ళాక జావ అలవాటుగా కిటికీలోంచి పోయింది. గుడ్డు పట్టుకున్న చెయ్యి బయట పెట్టాడు. బాతులు మెడలు చాచాయి. వాటి గుడ్డు వాటికే వేస్తున్నాడు. ఆ గుడ్డు వాటి కడుపులోంచి సూరమ్మ చేతిలోకి, సత్యవతి నోటి దగ్గరి నుంచి తన గిన్నెలోకి వచ్చింది. జోజి చెయ్యి లోపలికి తీసుకున్నాడు. నోటి దగ్గర పెట్టుకున్నాడు. చర్చి, చాపలు, గోడ, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. కొరకలేకపోయాడు. తలగడ కింద పెట్టాడు.

ఆ మధ్యాహ్నం సత్యవతి నూతి దగ్గర కూర్చుని గిన్నె తోముతోంది. కొబ్బరిపీచూ బూడిదా పెట్టి తోముతుంటే గిన్నెలోని చెంచా టకటకా మోగింది.

మంచం మీద జోజి గబుక్కున కిటికీ వైపు తిరిగాడు.

కాలవలోంచి మొదటి బాతు గట్టెక్కింది. దాని వెనక రెండోది. కచేరీకి ఆలస్యమైన గుమాస్తాల్లాగ ఒకదాని వెనక ఒకటి వరస కట్టి, అతని కిటికీ ముందు నుంచే నడిచాయి. "హుష్, హుష్" అన్నాడు జోజి గుసగుసగా. ముందున్న బాతు ఆగి అతన్ని గుర్తుపట్టింది. ఇన్నాళ్ళు తిన్న విశ్వాసం చూపిస్తుందేమో అనుకున్నాడు. అది మళ్ళీ నడిచింది.

బాతులన్నీ నూతి దగ్గరికి చేరి, సత్యవతి ముందు నిలబడి నోళ్ళు తెరిచాయి.

ఆవిడ తోలింది. అవి కదల్లేదు. ఆవిడ తోమడం ఆపింది. అవి మెడలు ముడిచాయి. ఆవిడ చేతిలో చెంచా వైపు చూసుకుని, గిన్నె మీద నెమ్మదిగా ఒక్కసారి కొట్టింది. అన్నీ మళ్ళీ నోళ్ళు తెరిచాయి. అప్పుడు సత్యవతి తలెత్తి కిటికీ వైపు చూసింది.

జోజి కళ్ళు మూసుకున్నాడు. అంత గాఢంగా నిద్రపోయిన మనిషి ఆ జిల్లాలో ఇంకొకడు లేడు.

కాసేపటికి ఆవిడ వచ్చిన చప్పుడైంది. మంచం పట్టె మీద కూర్చుంది. చేతిలో వెచ్చటి జావ గిన్నె ఉందని వాసనే చెప్పింది. తిడుతుందని చూశాడు. తిట్టలేదు.

"ఏమండీ, పొద్దున్న జావ తాగేరా?"

"ఆయ్."

"రాత్రి మెత్తన్నం తిన్నారా?"

"ఆయ్."

"కాకినాడలో డాక్టరుగారు మీకేం చెప్పేరు?" అని అడిగింది. "రెండే మాటలన్నారు కదా. ఆ రెండిట్లో ఒకటి చెప్పండి. ఏదో ఒకటి. మీరు అవునంటే అవుననుకుంటాను. లేచి వెళ్ళిపోతాను."

జోజి కళ్ళు తెరిచాడు. నోట్లోకి రావలసినవి చాలానే వచ్చాయి. బాతులకి జబ్బు చేసిందని చెప్పచ్చు. జావలో ఈగ పడిందని చెప్పచ్చు. ఒక్కసారి అవునంటే చాలు, ఆవిడ నమ్ముతానంటోంది. ఆవిడ ముఖం చూశాడు. కళ్ళ కింద నల్లగా ఉంది. అవునన్న మాట గొంతు దాకా వచ్చి, అక్కడ నిలవలేక వెనక్కి పోయింది.

"కాదు" అన్నాడు.

"ఏది కాదు?"

"తినలేదు సత్తెవతీ. సాక్ష్యం చెప్పిన రోజునుంచీ సరిగ్గా తినలేదు."

"అంతా బాతులకేనా?"

"ఆయ్..." అని నాలుక కరుచుకున్నాడు. "అవును."

సత్యవతి గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. మూలన చాట పట్టుకుని నూకలు ఏరుతున్న మరియమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఎందుకండీ?"

"భయమేసిందే. తింటే మళ్ళీ పదిమందిలో అలా అయిపోతుందని. నువ్వు ఆ కడుపుతో రేవులో కూర్చుని..." ఈసారి సాక్ష్యం నాటిలాగ కాదు, నిజంగానే గొంతు పూడుకుపోయింది.

"పంచె తడిస్తే ఉతుక్కుంటాను" అంది సత్యవతి. "మీరు పోతే ఏం ఉతుక్కోమంటారు నన్ను?"

కిటికీ కింద బాతులు కువకువలాడాయి. ఆవిడ లేచి కిటికీ రెక్క వేసేసి మళ్ళీ కూర్చుంది.

"ఇంకేమన్నా దాచేరా?"

జోజి తలగడ కింద చెయ్యి పెట్టి గుడ్డు తీశాడు. అది ఒక పక్క నొక్కుకుపోయి, తలగడ దూది అంటుకుని ఉంది.

"ఇది నీది. సూరమ్మ పిన్ని చెప్పింది. ఇన్నాళ్ళూ నీవి కూడా బాతులకే వేసేను."

సత్యవతి ఆ గుడ్డు అందుకుని, దూది ఒక్కొక్క పోగే తీసింది. రెండుగా విరిచింది. ఒక సగం తన నోట్లో వేసుకుంది. రెండో సగం చెంచాతో జావలో మెదిపి, అతని నోటి దగ్గర పెట్టింది. జోజి నోరు తెరవడానికి చాలాసేపు పట్టింది. మింగాక పొట్ట మీద చెయ్యి వేసుకుని, మెలిక కోసం కాచుకున్నాడు. గుడగుడలాడింది. ఆవిడ కూడా తన చెయ్యి తెచ్చి అతని చేతి మీద వేసింది. ఇద్దరూ అలా కూర్చున్నారు.

సగం గిన్నె అయ్యేసరికి మెలిక వచ్చింది. ఆవిడ భుజం పట్టుకుని గట్టు దాకా వెళ్ళి వచ్చాడు. వచ్చి కూర్చున్నాక మిగిలిన సగంలోంచి చెంచా నింపి పెట్టింది. అదీ తిన్నాడు.

పొద్దు వాలుతుండగా ముసలయ్య అంబాజీపేట నుంచి వస్తూ, అరుగు మీద కాళ్ళు దులుపుకుని లోపలికి తొంగి చూశాడు.

"ఏరా, కోడిపలావు మొనగాడా! ఇవాళ కొట్లో అందరికీ చెప్పేను. నాలుగో రోజునే పలావు తిన్నాడు మా వాడు, నెల తిరక్కుండా లారీ ఎక్కుతాడు చూడండి అన్నాను. ఎవడూ నమ్మడే! నువ్వే చెప్పు, తిన్నావా లేదా?"

జోజి సత్యవతి వైపు చూశాడు. ఆవిడ గిన్నె పట్టుకుని, తల దించుకుని నిలబడి ఉంది.

"లేదు బాబాయ్" అన్నాడు జోజి. "పలావూ లేదు, ఏమీ లేదు. ఆ రోజు ముక్కులో గొట్టం ఉంది నాకు. దాహమేసి ఏడ్చేను."